బాప్తిస్మాలు ఆపిన పదిహేను నెలలు



పోయిన నెల శుక్రవారం ఉపవాస కూడికలో ఒక సహోదరుడు లేచి సాక్ష్యం చెప్పాడు. ఆరు వందల అడుగులు దాటినా బోరులో దుమ్మే లేచిందట. బోరు బండివాళ్లు ఇక చాలని రాడ్లు పైకి తీయబోతుంటే, ఆయన అక్కడే మోకాళ్లమీద పడి ప్రార్థన చేసి ఇంకో రెండు రాడ్లు దించమన్నాడట. రెండించుల నీళ్లు పడ్డాయి. షెడ్డంతా హల్లెలూయ అని మోగిపోయింది. నేనూ చెప్పాను, మైకులో గట్టిగానే చెప్పాను.

అప్పుడు నా కళ్లు వెనకవరసలో చాపమీద కూర్చున్న ఒక సహోదరిమీద పడ్డాయి. ఆమె కూడా చప్పట్లు కొడుతోంది. ఆమె పొలంలో మూడు బోర్లు వేశారు, మూడూ ఎండాయి. మూడో బోరు వేసిన ఏడాదే ఆమె భర్త కందిచేనులో కూలిపోయి చనిపోయాడు. ఆయనకు నలభై రెండేళ్లు. బోర్లకు తెచ్చిన అప్పు అలాగే ఉంది, వడ్డీ పెరుగుతోంది. మూడు బోర్ల దగ్గరా ఆయన మోకాళ్లమీద పడే ప్రార్థన చేశాడు. ఒకదాని దగ్గర నేనూ పక్కనే ఉన్నాను. నూనెతో ప్రార్థన చేసింది నేనే.

ఆ కుటుంబం విషయంలో నేనొక తప్పు చేశాను. అది చెప్పకుండా ఈ మాటలు రాస్తే అబద్ధమవుతుంది.

ఆయన భూస్థాపన అయిన మూడోరోజు ఆదరణ కూడిక పెట్టాము. హెబ్రీ పత్రిక పన్నెండో అధ్యాయం తీసి మాట్లాడాను. తండ్రి తన పిల్లలను ఎందుకు దండిస్తాడో, అగ్నిలో వేస్తేనే బంగారం ఎలా మెరుస్తుందో, శ్రమలు మన విశ్వాసాన్ని పెంచడానికే దేవుడు ఎలా పంపుతాడో నలభై నిమిషాలు చెప్పాను. బాగా చెప్పానని కూడా అనుకున్నాను. అందరూ భోజనాలకు లేచాక ఆమె నా దగ్గరకు వచ్చి, చాలా మెల్లగా, కోపం లేకుండా అడిగింది.

"అయ్యగారూ, నా విశ్వాసం పెరగటానికి మా ఆయన్ని తీసుకుపోయినట్టా? నాకు అంత విశ్వాసం ఎందుకయ్యగారూ?"

నా దగ్గర జవాబు లేదు. దేవుని ఆలోచనలు మనకు అందవమ్మా అని ఏదో గొణిగాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇరవై ఏళ్లుగా ఎంతమంది ఇళ్లల్లో ఈ మాటే చెప్పి ఉంటానో లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

శ్రమ ఓర్పును పుట్టిస్తుందని రోమా పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు రాశాడు. దాన్ని నేను నమ్ముతున్నాను. కాని నా సేవలో కళ్లారా చూసిందీ దాచిపెట్టలేను. మన మండలంలో శ్రమ చాలా ఇళ్లల్లో ఓర్పును పుట్టించలేదు. తాగుడును పుట్టించింది. ఊరొదిలి హైదరాబాదుకో బెంగుళూరుకో బేల్దారి పనికి వెళ్లేటట్టు చేసింది. అన్నదమ్ములు కోర్టుకెక్కేటట్టు చేసింది. నిన్నటిదాకా నా పక్కన కంజరి కొట్టి పాడిన కుర్రాడు ఇవాళ సంఘం గుమ్మం తొక్కడం లేదు. శ్రమే విశ్వాసాన్ని పెంచేదైతే, కరువుకు పెట్టింది పేరైన మన పడమటి ప్రకాశం ఈపాటికి పరిశుద్ధుల దేశమై ఉండాలి. ఎండిన బోర్లకు, ఫ్లోరైడు నీళ్లకు, ట్యాంకరు కోసం బిందెల వరసలకు ఇక్కడ ఎప్పుడూ కొదువ లేదు కదా. ఇంత శ్రమ ఉన్నా ఎందుకు కొందరు నిలబడుతున్నారు, ఎందుకు కొందరు విరిగిపోతున్నారు? ఇదే నన్ను తినేస్తున్న ప్రశ్న.

దానికి జవాబు మన సొంత చరిత్రలోనే దొరికింది. అది మనం ఎప్పుడూ సగమే చెప్పుకునే చరిత్ర.

ఈ ప్రాంతపు క్రైస్తవులకు క్లౌ దొరగారి పేరు తెలియనిది కాదు. జాన్ ఎవరెట్ క్లౌ అమెరికా నుంచి 1865లో వచ్చి, 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ. సేవకు రాకముందు భూమి కొలిచే సర్వే పని చేసినవాడు. మన సంఘాల్లో ఏ వార్షికోత్సవం జరిగినా ఆయన గురించి ఒక లెక్క తప్పకుండా చెబుతారు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నీళ్లలో జరిగింది. అంతకు ముందురోజు 614 మంది, తరువాతిరోజు 700 మంది, మూడురోజులూ కలిపితే 3,536. నేనూ ఈ లెక్క చెప్పి ఎన్నోసార్లు చప్పట్లు కొట్టించాను. మన నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి కిందికి పారే మన ఏరే అది. అందుకని ఇంకాస్త గర్వంగా కూడా చెప్పాను.

ఆ మూడు రోజులకు ముందు ఏం జరిగిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, పట్టించుకోలేదు.

1876లో వానలు లేవు. తరువాతి ఏడూ పోయాయి. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు అది. మద్రాసు రాజధాని అంతటా లక్షలమంది చనిపోయారు. మన మార్కాపురం, కంభం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి, 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా అలాగే ఉన్నాయి. ఆ కరువు గట్టిగా కొట్టిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. కరువు పనులకు వచ్చిన మగమనిషికి సర్కారు కట్టిన కూలి ఒక దశలో రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఎండలో గంపలు మోసే మనిషికి అది. ఆకలికి తోడు కలరా.

ఎవరు ముందు చనిపోయారో మీరు ఊహించగలరు. చేతిలో భూమి లేనివాళ్లు. కాపు కళ్లంలో గింజలు రాలితే ఆ గింజల్లో వంతు కోసం ఏడాది పొడవునా చెప్పులు కుట్టి, కపిల బానలకు తోలు తొడిగి, వెట్టి చేసినవాళ్లు. కళ్లమే ఎండిపోయాక వాళ్లకు వంతు ఎక్కడిది? మనలో చాలామంది ముత్తాతల ముత్తాతలు వాళ్లే. ఆ సంగతి చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్లు ఇంకా కొందరున్నారు. నాకు అందులో సిగ్గేమీ కనబడదు.

1877లో బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా జరుగుతోంది. క్లౌ దొర అందులో మూడున్నర మైళ్లు తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీకి కాలువ కాంట్రాక్టు ఎందుకని అప్పుడు ఎంతమంది ముక్కుమీద వేలేసుకున్నారో గాని, సర్వే చదువు అక్కడ అక్కరకొచ్చింది. గుడిసెలు వేయించి, నీళ్లు పెట్టించి, పనిచేసిన ప్రతివాడికీ కూలి ముట్టేటట్టు చూశాడు. ఆయన దగ్గర ఉన్న తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు గంపల లెక్క చూసేవాళ్లు, కూలీలు అలసి కూర్చున్నప్పుడు వాళ్ల మధ్య కూర్చునేవాళ్లు. యేసు సంగతులు అక్కడే, ఆ మట్టిదిబ్బల మీదే చెప్పారు.

నన్ను పట్టి నిలిపిన సంగతి ఇది. కరువు సాయం మొదలైన తరువాత జనం తండోపతండాలుగా వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగితే, క్లౌ దొర ఇవ్వలేదు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి ఇచ్చాడు, గింజలు ఇచ్చాడు, బాప్తిస్మం మాత్రం ఆపాడు. పెట్టే చెయ్యి చూసి వచ్చినవాడికి, ప్రభువును చూసి వచ్చినవాడికి తేడా తెలియాలి కదా. ఆకలితో ఉన్నవాడి మెడలో మతం కట్టడం ఆయనకు ఇష్టం లేదు.

ఏ సంఘం మాత్రం ఈ పని చేస్తుందో చెప్పండి! నాలుగు కుటుంబాలు కొత్తగా వస్తామంటే ఫోటో తీసి పెట్టేసే రోజులివి. (నేనూ పెట్టాను. మీరు లైకులు కొట్టారు.)

1878 నడిమధ్యలో సాయం నిలిచిపోయింది. ఆయన వెల్లంపల్లికి బోధకులను పిలిపిస్తే, జనం కూడా వెంట వచ్చేశారు. ఇక నా దగ్గర డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లిపోండి అన్నాడు. డబ్బు కోసం రాలేదన్నారు వాళ్లు. బొబ్బలెక్కిన చేతులు చూపించారు. పని చేశాం, ఇకమీదటా చేసుకుంటాం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, అదే అడుగుతున్నామన్నారు. ఆ మాటను క్లౌ దొర మరిచిపోలేదు.

ఆ మాటను నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో! వాళ్లు వాన అడగలేదు. వచ్చే పంట పండుతుందని కూడా నమ్మలేదు. పండకపోవచ్చునని వాళ్లకు బాగా తెలుసు, రెండేళ్లు చూశారు. హబక్కూకు గ్రంథం చివర్లో ప్రవక్త కొమ్మలకు కాయలు లేకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా అంటూ చెప్పుకున్న లెక్కే వీళ్లదీ. కాకపోతే వీళ్లకు చదువు రాదు, హబక్కూకు పేరు వినలేదు. చేతులమీది బొబ్బలు మాత్రం ఉన్నాయి.

ఇంతకూ ఆ విశ్వాసం వాళ్లకు ఎక్కడిది? కరువు ఇచ్చిందా?

కరువు అందరికీ ఒకటే. అదే కరువులో పక్క జిల్లాల్లో కూడా లక్షలమంది అల్లాడారు. కడుపు ఎండడమే విశ్వాసాన్ని పుట్టించేదైతే ప్రతిచోటా గుండ్లకమ్మలే జరగాలి. ఇక్కడ జరిగిన దాని వెనక పదేళ్ల కథ ఉంది. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరాన తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. దేవుణ్ని వెతుక్కుంటూ గురువుల దగ్గర తిరిగినవాడు. 1866లో ఆయనా ఆయన భార్యా ఒంగోలు వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన పిలుపుమీద 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు వెళితే అక్కడ 28 మంది సిద్ధంగా ఉన్నారు. అంటే మన పడమటికి సువార్త తెచ్చింది దొర కంటే ముందు పేరయ్య. తన భాషలో, తన చుట్టాల ఇళ్లల్లో, కాలినడకన. కరువు వచ్చేనాటికి పల్లెపల్లెకూ అలాంటి బోధకులు ఉన్నారు, వేలల్లో విశ్వాసులు ఉన్నారు. కాలువ గట్టుమీద కూలీల పక్కన కూర్చున్న మేస్త్రీ కొత్త మనిషి కాడు. వాళ్ల బిడ్డ పుట్టినప్పుడు వచ్చినవాడు, వాళ్ల తల్లి చచ్చినప్పుడు మట్టి వేసినవాడు.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. శ్రమ విశ్వాసాన్ని పెంచదు. శ్రమలో ఉన్న మనిషి పక్కన దేవుని పేరున ఒకరు కూర్చుంటే, కూర్చుని వదలకుండా ఉంటే, ఆ చోట విశ్వాసం మొలుస్తుంది. ఎవరూ కూర్చోకపోతే అదే శ్రమ మనిషిని ఎండగొట్టేస్తుంది. పౌలు చెప్పిన ఓర్పు ఒంటరి మనిషికి చెప్పింది కాదు. రోమాలోని ఒక సంఘానికి రాశాడు.

నేను ఆదరణ కూడికలో వాడిన హెబ్రీ పత్రికనే మళ్లీ మొదటినుంచి చదివాను. పన్నెండో అధ్యాయంలో దండన గురించి చెప్పడానికి ముందు, పదో అధ్యాయంలో ఆ రచయిత ఆ విశ్వాసులకు ఒక సంగతి గుర్తుచేస్తాడు. అవమానాలు పడుతున్నవాళ్లతో మీరు పాలివాళ్లుగా నిలబడ్డారు, చెరసాలలో ఉన్నవాళ్ల బాధ మీ బాధ అనుకున్నారు అంటాడు. అంటే వాళ్లకు దండన మాట చెప్పేముందే వాళ్ల మధ్య తోడు ఉంది. నేను ఏం చేశాను? తోడును వదిలేసి దండన ఒక్కటే పట్టుకుని మూడోరోజు ఇంటికి వెళ్లాను. వాక్యం తప్పు కాదు. దాన్ని పట్టుకుపోయిన చెయ్యి తొందరపడింది.

యోబు స్నేహితుల సంగతి కూడా ఇంతే. వాళ్లు మొదటి ఏడు రోజులు నేలమీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. మొత్తం గ్రంథంలో వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడైంది. వాళ్లు చెప్పినవన్నీ అబద్ధాలా అంటే కాదు, చాలావరకు మనం ఆదివారం చెప్పే మాటలే. అయినా చివరి అధ్యాయంలో దేవుడు కోప్పడింది వాళ్లమీద. తన పుట్టిన రోజును శపించిన యోబును మాత్రం, నా గురించి సరిగా పలికాడని వెనకేసుకొచ్చాడు. దేవుని మీద ఫిర్యాదును దేవునికే చెప్పినవాడు ఆయనకు దూరం కాలేదు.

ఏలీయా దగ్గరకు వచ్చిన దూతను చూడండి. మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం. అంత పెద్ద ప్రవక్త చెట్టుకింద పడుకుని ఇక చాలు, నన్ను చంపెయ్యమని అడిగితే, దూత విశ్వాసం గురించి ప్రసంగం చేయలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె పెట్టాడు, కూజాతో నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. ప్రశ్నలు తరువాత, నలభై రోజుల ప్రయాణం తరువాత, హోరేబు కొండమీద. కాలువ గట్టుమీద జరిగిందీ ఇదే వరస అనిపిస్తుంది నాకు. ముందు గింజలు, పక్కన మనిషి. బాప్తిస్మం పదిహేను నెలల తరువాత.

కొందరు నన్ను అడగొచ్చు, అంత జాగ్రత్తపడినా వాళ్లు తిండికి వచ్చినవాళ్లేగా అని. అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. బయటివాళ్లే కాదు, సాటి మిషనరీల్లోనూ అనుమానించినవాళ్లు ఉన్నారు. దానికి నా జవాబు నేరుగా చెబుతాను. వాళ్లలో కొందరు అలా వచ్చి ఉండొచ్చు. ఆకలి తీర్చినవాడిని నమ్మడంలో నాకు తప్పు కనబడదు. ప్రభువు కూడా అయిదు వేలమందికి రొట్టెలు పెట్టినప్పుడు ముందు ఆ జనంలో ఎవరి విశ్వాసాన్నీ పరీక్షించలేదు. మరునాడు రొట్టె కోసమే వెతుక్కుంటూ వచ్చారని వాళ్లతో నిష్ఠూరంగానూ అన్నాడు. రెండూ యోహాను ఆరో అధ్యాయంలోనే ఉన్నాయి. పెట్టడం మానలేదు, నిజం చెప్పడమూ మానలేదు. పైగా బాప్తిస్మం తీసుకున్నాక ఆ జనానికి సుఖమేమీ రాలేదు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన పశువు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం అని నిలబడినందుకు ఊళ్లల్లో వాళ్లు పడిన బాధలు వేరే. తిండి కోసమే వచ్చినవాడు ఆ బాధలు పడడు.

మళ్లీ మన సహోదరి దగ్గరకు వస్తాను.

ఆ ఆదరణ కూడిక తరువాత ఆమె సంఘానికి రావడం మానేస్తుందని అనుకున్నాను. మానలేదు. వచ్చి కూర్చునేది. దాదాపు ఏడాది పాటలు పాడలేదు, ప్రార్థన చెయ్యమంటే తల అడ్డంగా ఊపేది. నాకు లోపల గుచ్చుకునేది గాని ఏమీ అనలేదు. ఈమధ్యనే తెలిసింది, ఆయన పోయిన రాత్రినుంచి నలభై రాత్రులు మన సంఘంలోని ఒక పెద్దమ్మ చాప చంకన పెట్టుకుని వాళ్లింటికి వెళ్లి పడుకుందని. ఆ పెద్దమ్మకు చదువు రాదు. బైబిలు తెరిస్తే తలకిందులుగా పట్టుకుంటుంది. ఎవరూ పంపలేదు. నాకు కూడా చెప్పలేదు.

బోరు సాక్ష్యం చెప్పిన ఆ శుక్రవారం కూడిక అయ్యాక నేను ఆ సహోదరిని ఆపి, అమ్మా, నువ్వు కూడా ఎప్పుడైనా సాక్ష్యం చెబుతావా అని అడిగాను. అడగకూడదేమో, అయినా నోరు ఆగలేదు.

"నాకేం సాక్ష్యం ఉంది అయ్యగారూ? అప్పు తీరలేదు. బోరు పడలేదు. ఆయన రాడు." కాసేపు ఆగింది. "పెద్దమ్మ వచ్చి పడుకుంది. నాకు నిద్ర పట్టింది. దాన్ని సాక్ష్యం అంటారా?"

అంటారమ్మా అన్నాను. ఈసారి గొణగలేదు.

అప్పటినుంచి ఒక విషయంలో నా మనసు మారింది. మన కూడికల్లో సాక్ష్యం అంటే తీరిన కష్టం మాత్రమే. జ్వరం తగ్గింది, ఉద్యోగం వచ్చింది, నీళ్లు పడ్డాయి, పెళ్లి కుదిరింది. దేవునికి స్తోత్రం, ఇవన్నీ చెప్పాలి. కాని తీరని కష్టంలో ఉన్నవాళ్లకు మన మైకు దగ్గర చోటు లేదు. వాళ్లు ప్రతి శుక్రవారం వచ్చి ఇతరుల బోర్లకు చప్పట్లు కొట్టి ఇంటికి పోతున్నారు. నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉందని లోపల అనుకుంటూ పోతున్నారు. టీవీలో వచ్చే పెద్ద పెద్ద దైవజనులు ఆ అనుమానానికి ఇంకా నీళ్లు పోస్తున్నారు. మూడుసార్లు అడిగినా ముల్లు తియ్యబడని పౌలు ఇవాళ మన కూడికకు వస్తే సాక్ష్యం చెప్పడానికి అర్హుడు కాడు! ఎనభై ఎనిమిదో కీర్తన రాసినవాడు కూడా కాడు. ఆ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, ఒక్క స్తుతి మాట లేకుండా. అయినా పరిశుద్ధాత్మ దాన్ని తీసిపారేయలేదు, పుస్తకంలోనే ఉంచాడు.

కాబట్టి సంఘ పెద్దలతో మాట్లాడి రెండు పనులు అనుకున్నాము. అందరికీ నచ్చకపోవచ్చు.

మొదటిది, ఇకనుంచి నెలలో రెండో శుక్రవారం సాక్ష్యాల సమయం తీరని కష్టాల్లో ఉన్నవాళ్లది. ఎవరైనా లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. దేవుని మీద కోపం ఉంటే అదీ చెప్పొచ్చు. చెప్పడం ఇష్టం లేకపోతే ఊరికే కూర్చోవచ్చు. చెప్పిన తరువాత నాతో సహా ఎవరూ వాళ్లను సరిదిద్దకూడదు, వాక్యం ఎత్తి జవాబు చెప్పకూడదు. మనం చేసేది విని, పేరుపేరునా ప్రార్థన చెయ్యడం, ఆ వారంలో వాళ్లింటికి ఒకసారి వెళ్లడం.

రెండోది పిడికెడు బియ్యం సంగతి. మన స్త్రీలు వంటకు ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవునికని డబ్బాలో వేసి నెలకొకసారి తెస్తారు. మొదటినుంచీ అది పాస్టరు ఇంటికే వస్తోంది. నా పిల్లలు ఆ బియ్యంతోనే పెరిగారు. దాన్ని నేను తేలికగా మాట్లాడను. అయితే ఈ నెలనుంచి ఆ బియ్యం మా ఇంటికి రాదు. ఆ నెలలో చావో, జబ్బో, పంటనష్టమో వచ్చిన ఇంటికి పోతుంది. సంఘంలో ఉన్నవాళ్లా, బయటివాళ్లా, మన కులమా, వేరేనా అని చూడొద్దు. ఇచ్చేటప్పుడు సంఘానికి రమ్మని అడగొద్దు. కరపత్రం ఇవ్వొద్దు, ఫోటో తియ్యొద్దు. యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో, చలికి వణికేవాడికి బట్ట ఇవ్వకుండా వెచ్చగా ఉండమని దీవించి పంపేవాళ్లను ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి నాకు తగలకుండా ఉండాలని నా ఆశ.

ఈ మాట ఇంట్లో చెబితే అమ్మగారు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, మరి మనకు ఎట్లా అంది. నా దగ్గర దానికీ జవాబు లేదు. చూద్దాం అన్నాను. మరునాడు పొద్దున వంటింట్లోకి వెళితే, ఆమె ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పాత హార్లిక్స్ డబ్బాలో వేస్తోంది.

ఈ నెల రెండో శుక్రవారం కూడిక సాయంత్రం ఆరున్నరకు. కంది కోతలకు వెళ్లేవాళ్లు ఆలస్యమైనా రండి, మీకోసం ఆగుతాం. ఆరోజు మైకు పెట్టడం లేదు. చాపలు గుండ్రంగా వేస్తాము. పెద్దమ్మను ముందు కూర్చోమని అడిగాను గాని, తన చాప వెనకే బాగుందంటోంది.